ఇరవై ఏళ్ల ఆక్టావియాకి కొత్త షాక్స్, నాకింగ్‌కి వైద్యం: ఆటోనగర్ షెడ్డులో పని ఎలా ఉందంటే

బోర్డు లేదు, ఏసీ గది లేదు, కూర్చోడానికి ఒక పాత సీటు తప్ప ఏమీ లేదు. విశాఖ గాజువాక ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే వరసలోంచి లోపలికి వెళ్తే దుమ్ము కొట్టుకుపోయిన పాత స్కోడాలు, ఫోక్స్‌వ్యాగన్లు కొన్ని కనిపిస్తాయి, అదే గుర్తు. పాత టర్బో పెట్రోలు బండి ఉన్నవాళ్లు మాత్రం ఒకసారి చూపించుకోవాల్సిన చోటు ఇది. ఎందుకంటే ఇక్కడ స్పానర్ పట్టుకునే ముందు బండి మాట వింటారు.

నాది మొదటి తరం స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్. 1.8 లీటర్ల టర్బో, 150 హార్స్‌పవర్, సిలిండర్‌కి అయిదు వాల్వులు. దానికి రెండు జబ్బులు. గోతిలో పడితే ముందు నుంచి దడదడ, ఎక్కుడులో యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్లోంచి టికటిక. ఊళ్లోని ఒక పెద్ద వర్క్‌షాపువాళ్లు ఈ రెండో శబ్దం వినగానే "బేరింగులు పోయినట్టున్నాయి, ఇంజిన్ దించాలి" అన్నారు. బానెట్ తెరిచి, నిలబెట్టిన బండిని రెండుసార్లు రేజ్ చేసి ఆ మాట! దించాక ఖర్చు ఎంతవుతుందో చూసి చెబుతారట. టెన్షన్ రాకుండా ఎలా ఉంటుంది?

ఆటోనగర్ మేస్త్రీ మాత్రం "ఏటి సార్, నడిపి చూడకుండానే దించెయ్యమన్నారా?" అని తనే స్టీరింగ్ పట్టుకుని యారాడ కొండ వైపు తీసుకెళ్లాడు. ఎక్కుడులో కావాలనే నాలుగో గేరులో ఉంచి, ఆర్‌పీఎం పదిహేడు వందల దగ్గర పూర్తిగా తొక్కాడు. ఈ ఇంజిన్‌కి టార్క్, అంటే లాగే బలం, మొత్తం వచ్చేది అక్కడే, 1,750 దగ్గర 210 న్యూటన్ మీటర్లు. టికటిక మొదలైంది. కాలు తీయగానే ఆగిపోయింది. గేరు తగ్గించి అదే ఎక్కుడు ఎక్కితే దాదాపు లేదు. షెడ్డుకి వచ్చాక వేడి ఇంజిన్‌ని రేజ్ చేసి వదిలాడు, దిగేటప్పుడు కూడా నిశ్శబ్దం. బేరింగ్ పోతే లోపలి నుంచి బరువుగా కొట్టుకుంటుంది, రేజ్ వదిలినప్పుడు ఇంకా బాగా వినిపిస్తుంది, వేడెక్కి ఆయిల్ పలచబడ్డాక ముదురుతుంది. అయినా తన తృప్తి కోసం పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ల కరెంటు ప్లగ్గులు ఒక్కొక్కటే పీకి చూశాడు. ఏ సిలిండర్ ఆపినా శబ్దంలో తేడా లేదు. స్పార్క్ ఇచ్చే కాయిల్ ఎందుకు పీకలేదని అడిగితే, కాలని పెట్రోలు పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోతే అదొక ఖర్చని చెప్పాడు. ఆ ఒక్క జవాబుతోనే నాకు సగం నమ్మకం కుదిరింది.

అంటే ఇది స్పార్క్ మంట చేరకముందే పెట్రోలు తన ఇష్టం వచ్చినట్టు పేలిపోవడం వల్ల వచ్చే నాకింగ్. ల్యాప్‌టాప్ పెట్టి మళ్లీ రోడ్డెక్కాం. ఈ ఇంజిన్లో నాక్ సెన్సర్లు శబ్దాన్ని పట్టుకోగానే కంప్యూటర్ ఆ సిలిండర్‌కి స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగుతుంది. ఎర్రర్ కోడ్ ఒక్కటీ లేదు, కానీ నాలుగు సిలిండర్లలోనూ టైమింగ్ వెనక్కి పోతోంది. ఒక్కదానిలోనే అయితే స్పార్క్ ప్లగ్గో ఇంజెక్టరో అనుకోవచ్చు, నాలుగిట్లో అంటే అందరికీ కలిపి వచ్చేదాంట్లోనే తేడా: గాలి, లేదా పెట్రోలు. ఇంధన ప్రెషర్ గేజ్ పెడితే దొరికిపోయింది. నిలబడి ఉన్నప్పుడు బాగానే ఉంది, లోడ్ పడితే బూస్ట్‌తో (టర్బో నెట్టే గాలి ఒత్తిడితో) పాటు పెరగాల్సింది పోయి కిందికి జారిపోతోంది. వెనక కుడి చక్రం ముందు, బండి కింద ఉండే ఫిల్టర్ విప్పి డబ్బాలోకి వంచితే పెట్రోలు టీ డికాషన్ రంగులో వచ్చింది. పెట్రోలు చాలక మిశ్రమం పలచబడుతోంది, వేడి పెరుగుతోంది, అందుకే ఆ గోల.

ఫిల్టర్ మార్చి అక్కడితో ఆపలేదు. ముందు కుడి వైపు బంపర్ వెనక ఉండే, టర్బో గాలిని చల్లబరిచే చిన్న ఇంటర్‌కూలర్ దించి కడిగించాడు. బయట రెక్కల నిండా బురద, లోపల ఇంజిన్ ఆవిరితో వచ్చిన ఆయిల్. ఆ ఆయిల్ గాలితో కలిసి లోపలికి పోతే పెట్రోలు ఆక్టేన్, అంటే నాకింగ్‌ని తట్టుకునే శక్తి, తగ్గినట్టే లెక్క. స్పార్క్ ప్లగ్గులు కూడా మార్చాడు. ఇప్పుడు అదే ఎక్కుడులో, అదే నాలుగో గేరులో శబ్దం లేదు, పికప్ కూడా వచ్చింది.

పెట్రోలు సంగతి కూడా చెప్పాలి. బీఎస్-6 లెక్కలో మామూలు పెట్రోలుకి కనీస ఆక్టేన్ 91గా ఉండేది, ఈ ఇంజిన్ 95ని దృష్టిలో పెట్టుకుని చేసింది. ఇండియన్ ఆయిల్ ప్రీమియం పెట్రోలు ఎక్స్‌పీ95 దొరికితే చాలు, 99, 100 పోయించి డబ్బు పారబోసుకోనక్కర్లేదు. అన్నట్టు, ఊళ్లోనే రిఫైనరీ ఉంది కదా అని ప్రతి బంకులో ప్రీమియం పెట్రోలు ఉంటుందనుకోకండి.

ఇక షాక్స్. నేను బిల్‌స్టైన్ బీ6 తెప్పించుకుని తీసుకెళ్లాను. బీ4 కంపెనీ షాక్స్‌కి బదులు వేసుకునే మామూలు రకం, బీ8 బండిని కిందికి దించే స్ప్రింగులకి, బీ6 ఉన్న స్ప్రింగుల మీదే గట్టిగా పట్టే మోనోట్యూబ్ (ఒకే గొట్టం ఉండే) రకం. మన స్పీడ్ బ్రేకర్ల మీద బండి దించడం నావల్ల కాదు కాబట్టి బీ8 ఊసే ఎత్తలేదు. మేస్త్రీ లిస్టు మాత్రం షాక్స్ దగ్గర ఆగలేదు. స్ట్రట్ మౌంటింగులు, వాటి బేరింగులు, లింక్ రాడ్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, బంప్ స్టాప్‌లు. ఆ దడదడలో సగం లింక్ రాడ్లదేనని చేత్తో ఊపి చూపించాడు. ఉప్పుగాలికి కింది బోల్టులు తుప్పు పట్టి కదల్లేదు, ఒకటి గ్యాస్‌తో కోయాల్సి వచ్చింది. బీచ్ రోడ్డు వైపు ఉండేవాళ్లు కొత్త బోల్టులు ముందే తెప్పించుకోండి.

నాకు బాగా నచ్చింది ఇది: బుష్ బోల్టులు జాకీ మీద ఉండగా బిగించలేదు. బండిని నేల మీదికి దించి, బరువంతా చక్రాల మీద పడ్డాకే టార్క్ రెంచ్‌తో చివరి బిగింపు. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి త్వరగా చిరిగిపోతుంది. చాలాచోట్ల ఈ ఓపిక ఉండదు.

నడక ఎలా ఉందంటే, భీమిలి రోడ్డులో తొంభై దాటాక అంటుకుపోయినట్టు పోతోంది, అనంతగిరి ఘాట్ మలుపుల్లో బాడీ ఒరగడం బాగా తగ్గింది. కానీ ఎన్ఏడీ జంక్షన్ నుంచి ఆఫీసుకి వెళ్లిరావడమే మీ పనైతే బీ6 వద్దు. ఇరవై స్పీడులో చిన్న చిన్న అతుకులన్నీ నడుముకి తెలుస్తాయి. మా ఆవిడైతే పాతదే నయమంటోంది. బీ4 వేసి, మిగిలిన డబ్బు బుష్‌లకి పెట్టుకోండి.

లోపాలూ ఉన్నాయి. చెప్పిన రోజుకి బండి ఇవ్వలేదు, ఫోన్ ఎత్తడు, బిల్లు చీటీ మీద రాసిస్తాడు, అడిగితేనే పాత సామాను చూపిస్తాడు. అలైన్‌మెంట్ అక్కడ లేదు, బయట చేయించుకోవాలి, స్ట్రట్లు విప్పాక అది తప్పదు. వెనక బీమ్ బుష్ ఇంకా కిర్రుమంటోంది, సామాను వచ్చాక వేస్తానన్నాడు. వెళ్లేవాళ్లు పొద్దున్నే, లారీల పని మొదలవ్వకముందే వెళ్లండి, ఆ తర్వాత మీ బండి పెట్టడానికి చోటు కూడా ఉండదు.