ఎస్సిటలోప్రామ్: కొన్నేళ్ల వాడకం తర్వాత

డిప్రెషన్‌కు వైద్యులు తరచుగా రాసే మందుల్లో ఎస్సిటలోప్రామ్ ఒకటి. కొన్నేళ్లుగా వాడుతున్న నాకు ఈ మందు పనిచేసింది, కానీ నేను అనుకున్న వరుసలో పనిచేయలేదు.

మొదటి వారాల్లో వికారం, ఆవలింతలు, చెమటలు, తెల్లవారుజామున మెలకువ తప్ప మరేమీ కనిపించలేదు. మెదడులో సందేశాలు మోసే రసాయనమైన సెరొటోనిన్‌ను నాడీకణాలు తిరిగి లోపలికి తీసుకోకుండా ఈ మందు కొన్ని గంటల్లోనే అడ్డుకుంటుంది. అయితే సెరొటోనిన్ పెరిగిన సంగతిని పసిగట్టి, దాన్ని విడుదల చేసే కణాలే ఆ విడుదలను తగ్గించుకుంటాయనీ, పసిగట్టే ఆ గ్రాహకాలు మందగించాకే అసలు ఫలితం మొదలవుతుందనీ ఒక వివరణ ఉంది. పాతికేళ్లలోపు వారిలో ఈ తొలి వారాల్లోనే ఆత్మహత్య ఆలోచనలు పెరిగే ప్రమాదం ఉంది కనుక ఇంట్లోవారు కనిపెట్టుకుని ఉండాలి. అవసరమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు.

మనసు తేలికపడకముందే, ఎదుటివారి ముఖంలోని భావాలను చదివే తీరు ఈ తరహా మందులతో మంచివైపు మొగ్గుతుందని ఆక్స్‌ఫర్డ్‌లో కేథరిన్ హార్మర్ బృందం చూపింది. నా అనుభవమూ అదే. సంతోషమేమీ రాలేదు గానీ, మోగుతున్న ఫోన్ ఎత్తడం, స్నానాన్ని సాయంత్రం దాకా వాయిదా వేయకపోవడం, పై అధికారి ముక్తసరిగా మాట్లాడితే ఆ మాటనే రాత్రిదాకా తలచుకోకపోవడం మొదలయ్యాయి. ఈ మార్పును నాకంటే ముందు గమనించింది మా ఇంట్లోవాళ్లే.

దీనికి చెల్లించిన మూల్యం భావాలు చదునైపోవడం. దుఃఖం తగ్గినంత మేరా ఆనందమూ తగ్గింది; దగ్గరి బంధువు పోయినప్పుడు కూడా కన్నీళ్లు రాలేదు. లైంగికాసక్తి తగ్గడం మరొకటి. మనం అడిగితే తప్ప దీని ప్రస్తావన రాదు, కాబట్టి మొహమాటం లేకుండా అడగాలి. మోతాదు తగ్గించాక రెండూ కొంత సర్దుకున్నాయి.

డిప్రెషన్‌కు సెరొటోనిన్ లోపమే కారణమనడానికి నిలకడైన ఆధారం లేదని 2022లో జొవానా మొంక్రీఫ్ బృందం ప్రకటించినప్పుడు, ఇక ఈ మాత్రలెందుకని కొందరు నన్ను నిలదీశారు. కారణం గురించిన సిద్ధాంతం వీగిపోవడం వేరు, మందు పనిచేయకపోవడం వేరు. అలాగని అందరికీ గుణమిస్తుందనీ అనలేము: దీనికి మాతృక వంటి సిటలోప్రామ్‌తో అమెరికాలో జరిగిన స్టార్‌-డి అధ్యయనంలో, మొదటి దశలో పూర్తిగా కోలుకున్నది సుమారు మూడోవంతు మందే.

మా బంధువులు దీన్ని నిద్రమాత్ర అనీ, అలవాటైపోతుందనీ అంటారు. ఇది నిద్రమాత్ర కాదు, మత్తుపదార్థంలా ఇంకా కావాలనిపించదు కూడా. అయితే హఠాత్తుగా మానితే కళ్లు తిరగడం, చిరాకు, తలలో కరెంటు షాకు కొట్టినట్లుండడం సంభవించవచ్చు. 20 మిల్లీగ్రాముల నుంచి 10కి దిగినప్పుడు మెదడుపై మందు పట్టు కొద్దిగానే సడలుతుంది. 5 నుంచి సున్నాకు దిగడమే పెద్ద మెట్టు. అందుకే మా డాక్టరు చివరి మోతాదులను నెలల తరబడి సాగదీసి తగ్గిస్తున్నారు.