రోజుకు 1,500 రూపాయల ఇల్లు, రెండు చక్రాల మీద

మా వియ్యపురాలు స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. వాళ్లది అమలాపురం దగ్గర పల్లెటూరు. దుబాయిలో ఉన్న అమ్మాయీ అల్లుడూ ఆపరేషన్‌కు వచ్చి, పది రోజులుండి వెళ్లిపోయారు. ఆ తర్వాత బాధ్యత మాది. ఇంట్లో ఉన్నవి రెండే గదులు. ఒకదాంట్లో ఆవిడ మంచం, రెండోదాంట్లో వియ్యంకుడూ ఆయన ముసలి తల్లీ. పిల్లనిచ్చిన ఇంట్లో వారాల తరబడి మకాం వేయడం మా ఆవిడకు బొత్తిగా ఇష్టం లేదు. అందుకని తిరుపతిలో రేణిగుంట రోడ్డు మీద క్యారవాన్లు అద్దెకిచ్చే చోటికి వెళ్లాను.

వాళ్ల దగ్గర కారుకు తగిలించుకుని లాక్కెళ్లేవి రెండున్నాయి. నెల లెక్కన తీసుకుంటే రోజుకు 1,500 రూపాయలు, డిపాజిట్ 20,000. పద్నాలుగు అడుగుల పొడవు. లోపల మంచం, గ్యాసు పొయ్యి, సింకు, చిన్న మరుగుదొడ్డి, 60 లీటర్ల నీళ్ల ట్యాంకు. మా తమ్ముడి బొలెరోకు వెనుక కొక్కెం, లైట్ల సాకెట్టు వాళ్లే బిగించారు. ఆ పని శుభ్రంగా ఉంది. పరుపు, పొయ్యి కూడా కొత్తవే.

చెప్పాల్సిన విషయాలు చెప్పకపోవడమే వాళ్లతో చిక్కు. బండి అప్పగించిన కుర్రాడు ఏసీ రిమోటు గురించి పావుగంట మాట్లాడాడు, బ్రేకు గురించి ఒక్క మాట అనలేదు. ఇందులో ఉన్నది తోపుడుకు పడే బ్రేకు. ముందు బండి నెమ్మదిస్తే వెనుకది దాన్ని నెడుతుంది, ఆ ఒత్తిడికి బ్రేకు పట్టుకుంటుంది. రివర్సులో కూడా అదే ఒత్తిడి పడుతుంది కాబట్టి, రెండు బండ్లనూ కలిపే ఈ పాత రకం కప్లింగ్‌లో వెనక్కి వెళ్లే ముందు దిగి, చిన్న లివరు అడ్డం వేయాలి. తిరుమల ఘాట్ బస్సుల బ్రేకులు ముప్పై ఏళ్లు చూసినవాణ్ని కాబట్టి నాకు తెలిసింది. తెలియనివాడు క్లచ్చు కాల్చుకుంటాడు.

తెల్లవారుజామున అయిదింటికి బయలుదేరి శ్రీకాళహస్తి మీదుగా నాయుడుపేటలో పెద్ద హైవే ఎక్కాం. కావలి దాటాక 80 మీద వెళ్తుంటే వెనుక బండి పాములా ఊగడం మొదలుపెట్టింది. తప్పు నాదే. బియ్యం మూట, రాగిపిండి, మడత కుర్చీలు అన్నీ వెనుక తలుపు పక్కన పడేశాను. ట్రైలర్ మొత్తం బరువులో పదో వంతైనా కొక్కెం మీద ఉండాలి, లేకపోతే తోక బరువెక్కి ఊగుతుంది. సామానంతా ఇరుసుకు ముందుకు జరిపాను. ఆ తర్వాత 60 దాటలేదు, మళ్లీ ఊగలేదు.

ఆగిన ప్రతిచోటా చక్రాల నడిమధ్య ఉండే హబ్బుల మీద అరచెయ్యి ఆన్చడం నాకు అలవాటు. ఒంగోలు దగ్గర ఎడమ హబ్బు మీద చెయ్యి పెట్టలేకపోయాను. ఫోను చేస్తే "ఎండకు అలాగే ఉంటుంది సార్" అన్నారు. అప్పటికి ఎండే రాలేదు, ఆకాశమంతా మబ్బు పట్టి ఉంది. పెట్రోలు బంకు పక్కన జాకీ ఎత్తి విప్పితే, లోపల గ్రీజు ఎండి పెచ్చు కట్టి ఉంది, నట్టు కూడా మరీ బిగుతుగా ఉంది. బేరింగ్ కడిగి, కొత్త గ్రీజు కూరి, నట్టు కొంచెం వదులు చేసి, అది కదలకుండా కొత్త స్ప్లిట్ పిన్ను పెట్టాను. ఇంకో వంద కిలోమీటర్లు అలాగే లాగి ఉంటే చక్రం మమ్మల్ని దాటుకుని ముందు వెళ్లేదేమో. ఆ రాత్రి అక్కడే పడుకున్నాం. హాయిగా నిద్ర పట్టింది, ఆ మాట ఒప్పుకోవాలి.

రెండో రోజు సిద్ధాంతం అనే ఊరి దగ్గర వంతెన మీద గోదావరి దాటి, రావులపాలెంలో హైవే వదిలాం. చివరి నాలుగు కిలోమీటర్లు కాలవగట్టు. ఎదురుగా వరిగడ్డి ట్రాక్టరు వచ్చింది. రెండు వందల గజాలు వెనక్కి రావాల్సి వచ్చింది. ట్రైలర్ ఎటు తిరగాలో దానికి ఎదురు దిక్కుకు స్టీరింగ్ తిప్పాలి. ఒక పక్క కాలవ, ఇంకో పక్క మా ఆవిడ ముఖం. ఇంటి సందులోకి బొలెరో తిరగకపోతే ట్రైలర్ విడదీశాను. ఊళ్లో నలుగురు రథం తోసినట్టు తోసి మామిడిచెట్టు కింద నిలబెట్టారు.

"ఇల్లుండగా బండిలో పడుకోవడం ఏమిటి బావగారూ, ఊళ్లోవాళ్లు ఏమనుకుంటారు?" అని వియ్యంకుడు రెండు రోజులు ముఖం చిన్నబుచ్చుకున్నారు. మూడో రోజు ఆయనే మధ్యాహ్నం వచ్చి మా మంచం మీద కునుకు తీశారు. ఆయన తల్లి సాయంత్రం పూట మెట్టు మీద కూర్చుని రాగి సంగటి అడిగి పెట్టించుకునేది. పద్దెనిమిది రోజులున్నాం. మా ఆవిడ తెల్లవారే వదినగారికి ఒళ్లు తుడవడం, వాకరుతో నడిపించడం చూసుకుని, రాత్రికి తన గదికి తాను వచ్చేసేది. ఎవరికీ ఎవరూ బరువు కాలేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. ఏసీ వేస్తే ఇంటి ఫ్యూజు ఎగిరిపోయింది, ఫ్యానుతోనే గడిపాం. ఇద్దరికి ట్యాంకు నీళ్లు ఒకటిన్నర రోజే వచ్చాయి. మరుగుదొడ్డి కింది పెట్టె మూడు రోజులకోసారి మోసుకెళ్లి పారబోయాలి. ఆ పని మగవాళ్లదేనని మా ఇంట్లో చర్చ లేకుండానే తేలిపోయింది.

తిరిగి అప్పగించేటప్పుడు మామిడి కొమ్మ గీరిందని 1,200 రూపాయలు పట్టుకోబోయారు. పాత గ్రీజు పెచ్చులు పొట్లం కట్టి తెచ్చాను, బల్ల మీద విప్పాను. డిపాజిట్ పూర్తిగా ఇచ్చారు.

మీరు వెళ్తే నీలం గీతల బండి అడగండి. దాని ఎడమ చక్రంలో ఉన్నది నేను పెట్టిన గ్రీజు. కుడి చక్రం మాత్రం విప్పి చూసుకోండి.