భువనగిరి గుట్ట ఎక్కండి, రాత్రి మాత్రం ఉండకండి

నల్గొండ నుంచి భువనగిరి 75 కిలోమీటర్ల దాకా ఉంటుంది, పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేయొచ్చు. ఎండెక్కాక ఆ బండ మీద కాలు పెట్టలేమని, తెల్లారగానే ఎక్కుదామని ముందురోజు రాత్రే పోయి గది తీసుకున్నాం. అదే మేం చేసిన తప్పు.

ఫోన్‌లో లాడ్జివాడు "కోట కనిపించే ఏసీ గది, 1,800, 24 గంటలు" అన్నాడు. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ! వేడినీళ్లకు బకెట్‌కు 50 లెక్కన నాలుగు బకెట్లకు 200 తీసుకున్నారు. రాత్రి 8కి దిగిన మమ్మల్ని పొద్దున 9కే ఖాళీ చేయమని ఫోన్, లేదంటే ఇంకో సగం కిరాయి అట. అప్పటికి మేం గుట్ట మీదున్నాం, అత్తమ్మ ఒక్కతే గదిలో. మోకాళ్ల నొప్పులతో ఆమె సామానంతా మెట్లు దింపుకుని బయట కూర్చుంది. నాకు ఇప్పటికీ ఆ కోపం తగ్గలేదు.

గుట్ట దగ్గరికొస్తే మాత్రం ఒక్క రూపాయీ దండగ అనిపించలేదు. 500 అడుగుల ఎత్తు ఏకశిల. చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు మీదే త్రిభువనగిరి, అదే భువనగిరి. కోట గోడల కంటే మావాడికి ఆ బండే నచ్చింది, ఏడో తరగతిలో శైథిల్యం, క్రమక్షయం (రాళ్లు విరగడం, కొట్టుకుపోవడం) పాఠం అప్పుడే అయింది మరి.

సగం ఎక్కాక ఒక పెద్దాయన కలిశాడు, వయసులో ఉన్నప్పుడు రాళ్లు కొట్టే పని చేశాడట. చిన్న రాయి తీసుకుని పరుపుబండ మీద కొట్టాడు, ఖణేల్‌మంది. రెండు అడుగుల అవతల కొడితే డొల్ల చప్పుడు. "కింద ఖాళీ ఉన్నది బిడ్డా, పొర లేచింది. మేము గిట్లాంటి కాడ మంట పెట్టి లేపేటోళ్లం, ఎండ అదే పని నిదానంగ చేస్తది" అన్నాడు. మావాడు పక్కనే పడుకుని చెవి ఆనించి పది చోట్ల కొట్టి చూశాడు, మా ఆయన టైమ్ అవుతోందని ఎంత అరిచినా లేవలేదు.

ఎండ ఒక్కటే కాదు. ఈ గ్రానైట్ దాదాపు 250 కోట్ల ఏళ్ల కిందట నేల లోతుల్లో గట్టిపడింది, పైనున్న బరువంతా అరిగి కొట్టుకుపోయేసరికి అదిమిపెట్టేది లేక ఉబ్బి, ఉల్లిపాయలా పొరలు పొరలుగా విడిపోతుంది. ఆ సందుల్లో నీళ్లు దిగుతాయి, చెట్ల వేర్లు దూరతాయి. ఒక రావి మొక్క వేరు బొటనవేలంత కూడా లేదు, తలుపంత పెచ్చును పక్కకు నెట్టేసింది.

కింద వాన కాలువలో గుప్పెడు మట్టి తీసి చూపించాను. రాయిలోని గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్ నీటికి మెత్తబడి బంకమన్ను అవుతుంది, గాజులా మెరిసే క్వార్ట్జ్ మాత్రం కరగక ఇసుకగా మిగులుతుంది. రాయి విరగడం శైథిల్యం, దాన్ని వాన మోసుకుపోవడం క్రమక్షయం. పుస్తకంలో ఈ రెండూ కలగాపులగం చేసుకునేవాడు, ఇక్కడ మాత్రం వాడే నాకు తిరిగి చెప్పాడు.

తిరుగు దారిలో రోడ్డు పక్క హోటల్లో జొన్నరొట్టె, పచ్చిపులుసు, నలుగురికి 320. గది గురించి మాట్లాడుకోవడం అక్కడే ఆపేశాం. వలిగొండ దగ్గర మూసీ ఒడ్డున దిగాం. పొద్దున కాలువలో తీసిన గరుకు రేణువులు మావాడి జేబులోనే ఉన్నాయి, నది ఇసుక పక్కన పెడితే నదిది ఎంతో నున్నగా ఉంది. దొర్లీ దొర్లీ మూలలు అరిగాయి కదా. ఈ ఇసుక వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుందని చెప్తే, అత్తమ్మ పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వి "మన చెల్కల ఎర్రమట్టి గూడ గట్ల బండ నుంచి వచ్చిందేనా?" అంది. అదే అత్తమ్మా, రాయిలోని ఇనుము తుప్పు పట్టే ఆ ఎరుపు.

మళ్లీ పోతే తెల్లారుజామున 3కే నల్గొండలో బయల్దేరతాం. మీరూ అంతే చేయండి, మనిషికి రెండు లీటర్ల నీళ్లు పట్టుకోండి, వాన పడ్డ రోజు మాత్రం ఎక్కకండి, నున్నటి బండ మీద చెప్పు నిలవదు.