మెదక్ చర్చిలో ఒక మంగళవారం, గుణదల కొండ మీద ఒక పొద్దున

మా ఆయన పోయాక నాకు నిద్ర కరువైంది. రాత్రి రెండింటికి మెలకువ వస్తే తెల్లారేదాకా గోడవైపు చూస్తూ పడుకునేదాన్ని. డాక్టరుగారు మాత్రలు రాశారు, వాడుతున్నాను. మా సంఘంలో ఒక పెద్దావిడ మాత్రం "ప్రార్థనలో ఉంటే ఇవన్నీ ఎందుకమ్మా" అంది. ఆ మాట చాలా రోజులు గుచ్చుకుంది. నా విశ్వాసమే తక్కువైందేమో అనుకున్నాను. చివరికి మా చెల్లెలు "పద అక్కా, ఎవరూ ఏమీ అడగని చోటికి పోయొద్దాం" అని బయల్దేరదీసింది.

అప్పట్లో నేను పదేపదే చదువుకున్నది ఏలీయా కథ. చచ్చిపోతే బాగుండునని చెట్టు కింద పడుకున్న ప్రవక్తను దేవుడు మందలించలేదు. దూత వచ్చి తట్టి లేపి తినమన్నాడు. ఆయన తిని మళ్ళీ పడుకున్నాడు. దూత రెండోసారి లేపి తినమన్నప్పుడు గానీ ముందున్న ప్రయాణం సంగతి ఎత్తలేదు. అందుకే ఈ యాత్రలో నేను చూసుకున్నవి ఇవే: కూర్చోనిస్తారా, అన్నం దొరుకుతుందా, నిద్ర పడుతుందా.

మెదక్‌కు సికింద్రాబాదు జూబ్లీ బస్టాండులో (జేబీఎస్) ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు జీరో టికెట్. నర్సాపూర్ అడవి మీదుగా దాదాపు మూడు గంటలు పట్టింది. కావాలనే మంగళవారం వెళ్ళాం. క్రిస్మస్‌కీ ఆదివారాలకీ అక్కడ జనం పోటెత్తుతారు. కృతజ్ఞత చెల్లించుకునేవాళ్ళకు ఆ సందడి బాగుంటుంది. గుండె బరువుతో పోయేవాళ్ళు మామూలు రోజున పోవాలి.

మెదక్ చర్చి వంద అడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు, 175 అడుగుల గోపురం. పదేళ్ళు కట్టి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. కొలతలకన్నా నన్ను కదిలించింది ఆ గుడి పుట్టిన తీరు. కరువు కాలంలో మిషనరీ పోస్నెట్ దొర చుట్టుపక్కల పల్లెల్లో ఆకలితో ఉన్నవాళ్ళకు పని ఇచ్చి, తిండి పెట్టి దీన్ని కట్టించాడు. ఏలీయాకు రొట్టె పెట్టిన దేవుడి ఇల్లు ఇలా కాక ఇంకెలా లేస్తుంది అనిపించింది.

బలిపీఠం వెనుక రంగుల అద్దాల్లో యేసు ఆరోహణం. చెరో పక్కన జననం, సిలువ. ఆ బొమ్మలకు లోపలి దీపాలతో పనిలేదు, బయట ఎండ ఉంటేనే వెలుగుతాయి. పొద్దు గూకేలోపు వెళ్ళండి. ఒక మూల కూర్చుని 42వ కీర్తన తీశాను. కుంగిపోయిన తన ప్రాణాన్ని తానే పలకరించుకునే మనిషి ప్రార్థన అది. ఏడాదిగా పైకి అనలేని మా ఆయన పేరు అక్కడ గట్టిగా అన్నాను. ఏడ్చాను. ఊడుస్తున్నాయన నా దగ్గర చీపురు ఆపి "కూర్చోండమ్మా" అని పక్క వరసకు వెళ్ళిపోయాడు. రెండు గంటలు కూర్చున్నాం.

మధ్యాహ్నం సెల్ఫీల గోల కొంత ఉంది. బస్టాండు దగ్గర చిన్న హోటల్లో వేడి అన్నం, పప్పు, పచ్చడి. చాలా నెలల తర్వాత మారు వడ్డించుకున్నాను. రాత్రికి దిగిన లాడ్జి మాత్రం దండగ: పన్నెండు వందలు తీసుకున్నారు, గీజరు పనిచేయలేదు, తెల్లవార్లూ లారీల హారన్లే. హైదరాబాదు నుంచి పొద్దున్నే బయల్దేరి సాయంత్రానికి తిరిగి వచ్చేయడం మేలు.

రెండు వారాల తర్వాత బెజవాడ. సిస్టర్లు నడిపే చిన్న వసతిలో దిగాం. రెండు మంచాలు, ఉమ్మడి స్నానాల గది, రాత్రి తొమ్మిదికి గేటు మూసేస్తారు. కానీ ఎంత నిశ్శబ్దమో! ఆరు గంటలు ఏకధాటిగా నిద్రపోయాను.

ఎండ ముదరకముందే గుణదల కొండకు, అక్కడి మరియమ్మ క్షేత్రానికి వెళ్ళాలి. మేం సీఎస్ఐ (ప్రొటెస్టంటు) సంఘం వాళ్ళం, మరియమ్మ ముందు మొక్కే అలవాటు మా ఇంట్లో లేదు. చెల్లెలు కాస్త తటపటాయించింది. నాకు మాత్రం సిలువ కింద నిలబడి కొడుకు చావు కళ్ళారా చూసిన తల్లి గుర్తొచ్చింది. కొవ్వొత్తి వెలిగించి ఆమె పక్కన నిలబడ్డట్టు నిలబడ్డాను. 1924లో ఫాదర్ ఆర్లాటి అక్కడ ఆ తల్లి స్వరూపాన్ని నిలిపినప్పటి నుంచి జనం వస్తూనే ఉన్నారు. బొట్టు పెట్టుకున్న ఆడవాళ్ళు కొబ్బరికాయలతో వచ్చారు. ఒకబ్బాయి వణుకుతున్న తండ్రిని చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కిస్తున్నాడు. లూర్దుమాత, అంటే ఈ మరియమ్మే, ఆమె పండుగ ఫిబ్రవరి 11నే 1993 నుంచి కతోలిక సంఘం ప్రపంచ రోగుల దినంగా కూడా పాటిస్తోంది. ఆ తండ్రీకొడుకులను చూశాక ఆ రెండూ ఒకే రోజున ఎందుకున్నాయో తెలిసింది.

పండుగ మూడు రోజులు, 9 నుంచి 11 దాకా, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు పోకపోవడమే మంచిది. ఆటోవాళ్ళు రెట్టింపు అడుగుతారు, ముందే బేరమాడుకోండి. ఒంటరిగా దేవుడితో మాట్లాడుకోవాలంటే మెదక్. బాధ నా ఒక్కదానిదే కాదని కళ్ళతో చూడాలంటే గుణదల. నాకు రెండూ కావాల్సి వచ్చాయి.

తిరుగు రైల్లో మాత్ర వేసుకుని, ప్రార్థన చేసుకుని, చెల్లెలి ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నాను. మధ్యలో ఒక్క స్టేషనూ తెలియలేదు. సికింద్రాబాదు దగ్గరపడుతుంటే తనే తట్టి లేపి ఇడ్లీ పొట్లం చేతిలో పెట్టింది, "తిను అక్కా" అంటూ.