పోస్టుమార్టం కాగితాలు చదివి చెప్పే కాకినాడ డాక్టరు గారు: మా అనుభవం

మాది అంబాజీపేట. కొబ్బరి వ్యాపారం. పోయిన ధనుర్మాసంలో, దాళ్వాకు నీరు వదిలిన రోజుల్లో, మా తమ్ముడు కాలువలో శవమై తేలాడు. రాత్రి ఎనిమిదింటికి ఇంట్లోంచి వెళ్లినవాడు మూడో రోజు పొద్దున దిగువన లాకుల దగ్గర గుర్రపుడెక్కలో చిక్కుకుని కనిపించాడు. చెప్పులు వంతెన మీద పక్కపక్కన ఉన్నాయి. అప్పులున్నాయి. ఫోను ఇంట్లోనే వదిలాడు. ఈ మూడూ చూసి పోలీసులు ఆత్మహత్య అన్నారు. వాడి నుదుటి మీద గాయం చూసి మేము హత్య అన్నాం. వాడికీ ఇంకొకరికీ పొలం కౌలు డబ్బుల దగ్గర గొడవ నడుస్తోంది, అందుకని మా అనుమానం మాకు బలంగా ఉండేది.

కేసు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194 సెక్షన్ కింద కట్టారు, ఆత్మహత్యలు, అనుమానాస్పద మరణాల మీద విచారణ జరిపే సెక్షన్ అది. 2024 జులై 1 నుంచి ఈ కొత్త చట్టం వచ్చింది కానీ, స్టేషన్లో ఇప్పటికీ అలవాటుగా పాత చట్టంలోని 174 అనే అంటున్నారు. పోస్టుమార్టం కాపీ చేతికొచ్చాక మాకు అందులో ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అప్పుడు మా వకీలు గారు కాకినాడలో ఈ డాక్టరు గారి దగ్గరికి వెళ్లమన్నారు. వైద్య కళాశాలలో ఫోరెన్సిక్ విభాగంలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. రామారావుపేటలో మేడ మీద ఒక గది. పోస్టుమార్టం రిపోర్టులు చదివి, అందులో ఏముందో, ఏం లేదో చెబుతారు, కావాలంటే రాసిస్తారు. పేరు రాయవద్దని ఆయనే కోరారు కాబట్టి రాయడం లేదు. క్రిమినల్ కేసులు చూసే వకీళ్లను అడిగితే చెబుతారు.

అమ్మను వెంటబెట్టుకుని ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా వెళ్లాం. మొదటి రోజు ఆయన మా కాగితాలు ముట్టుకోలేదు. పోస్టుమార్టం రిపోర్టు ఒక్కటే చాలదన్నారు. శవ పంచనామా, శవం తీసినప్పటి ఫొటోలు, బట్టల జాబితా, ల్యాబ్ రిపోర్టు, అన్నీ ఉంటేనే చూస్తానన్నారు. నాకు కోపం వచ్చింది. అంత దూరం నుంచి ముసలావిడను తీసుకొచ్చాం కదా అని. ఆ రోజు ఫీజు కూడా తీసుకోలేదు. పది రోజులు స్టేషన్ చుట్టూ తిరిగి అన్నీ సంపాదించి మళ్లీ వెళ్లాం. ఇప్పుడు ఆలోచిస్తే, ఆయన ఆ రోజే ఏదో ఒకటి చెప్పి పంపి ఉంటే ఆ మాటకు విలువ ఉండేది కాదు.

రెండోసారి రెండున్నర గంటలు కూర్చోబెట్టారు. ముందు మేము చెప్పిన నుదుటి గాయం దగ్గరికే వచ్చారు. మనిషి బతికి ఉండగా దెబ్బ తగిలితే లోపల కణజాలంలోకి రక్తం కమ్ముతుంది, చుట్టూ వాపు వస్తుంది. రిపోర్టులో ఆ గాయం కింద రక్తం లేదని, ఎముక చెక్కుచెదరలేదని రాసి ఉంది. ప్రాణం పోయాక, ప్రవాహంలో లాకు తలుపుకో రాతి కట్టుకో కొట్టుకుని అయిన గాయం అన్నారు. పెదవి మీద, కనురెప్పల మీద ఉన్నవి చేపలు, పీతలు కొరికిన గుర్తులని చూపించారు. మూడు నెలలుగా మేము ఊరంతా చెప్పుకున్న ఆధారం అక్కడితో పోయింది. విని తట్టుకోవడం కష్టమైంది. కానీ మొహమాటపడి దాచి ఉంటే రేపు కోర్టులో ఎదుటి వకీలు అదే మాట పదిమందిలో చెప్పేవాడు.

అరచేతుల చర్మం తెల్లబారి ముడతలు పడిందని రిపోర్టులో ఉంటే, నీట మునిగి చనిపోయాడనడానికి అదే రుజువని నేను అనుకున్నాను. కాదట. చచ్చిన మనిషిని నీళ్లలో పడేసినా చర్మం అలాగే నానుతుంది. ముక్కు దగ్గర సన్నటి తెల్లని నురగ, తుడిచినా మళ్లీ ఊరే నురగ, ఊపిరితిత్తులు ఉబ్బి వాటి మీద పక్కటెముకల అచ్చులు పడి ఉండటం, ఈ రెండూ ఆయన నమ్మినవి. నీళ్లలో పడేసరికి వాడికి ఊపిరి ఉంది. చంపి పడేశారన్న మాట ఈ కాగితాల మీద నిలబడదు.

ఆ తర్వాత కుడిచేతి ఫొటో తీసి దీపం కింద పెట్టారు. భూతద్దం నా చేతికిచ్చారు. పిడికిలి బిగుసుకుని ఉంది. వేళ్ల సందుల్లోంచి పచ్చగా ఏదో బయటికి వచ్చింది. ఎన్నిసార్లు చూశానో ఆ ఫొటో, కాలువ నాచు అనుకున్నాను. ఏమిటో చూడండి, మీరు పల్లెటూరివారు కదా అన్నారు. చూశాను. గరిక. కణుపుల దగ్గర వేళ్లు, ఆ వేళ్లకు నల్లమట్టి. మా గట్ల మీద ఉండే గరిక అది, నీళ్లలో పెరగదు. నాకు చెయ్యి వణికింది.

ప్రాణం పోయే క్షణంలో ఒక్కోసారి చెయ్యి పట్టుకున్నది పట్టుకున్నట్టే బిగుసుకుపోతుందని, ఆ బిగువును తర్వాత ఎవరూ చేతిలో పెట్టి కల్పించలేరని చెప్పారు. అంటే మా తమ్ముడు చివరి క్షణాల్లో గట్టుకు అందేంత దగ్గరలో ఉన్నాడు. చెప్పులేమో వంతెన నడిమధ్యన ఉన్నాయి. అక్కడి నుంచి దూకినవాడికి గట్టు గరిక ఎలా అందింది, దూరమెంత, ఆ రాత్రి నీరు ఎంత జోరుగా ఉంది, ఇవి ఎవరూ కొలవలేదు. నేను వెంటనే, అయితే తోసేసినట్టే కదండీ అన్నాను. లేదన్నారు. కావాలని దూకిన మనిషి కూడా నీళ్లు మింగగానే చేతికందింది పట్టుకుంటాడు, కాలు జారినవాడూ పట్టుకుంటాడు. ప్రాణంతో నీళ్లలో పడ్డాడన్నంతవరకే శవం చెబుతుంది, దూకాడా, జారాడా, తోశారా అన్నది గట్టు మీద వెతకాలి అన్నారు. నేను డబ్బు కట్టిన సేవలో నాకు దొరికిన అసలు మాట ఇదే.

రిపోర్టులో మేమెవరం పట్టించుకోని ఒక వాక్యం ఉంది: ఎడమ జబ్బ లోపలివైపు రెండు కమిలిన మచ్చలు. ఆయన దాని కింద ఎర్ర సిరాతో గీత గీశారు. ఎవరైనా గట్టిగా పట్టుకుంటే పడేవి కావచ్చు, శవం కుళ్లే దశలో వచ్చిన రంగు కావచ్చు. అక్కడ కోసి చూసి, లోపల రక్తం కమ్మిందో లేదో ఒక్క మాట రాసి ఉంటే తేలిపోయేది. రాయలేదు. ఆ పోస్టుమార్టం చేసిన ఆసుపత్రి పేరు నేను ఎత్తను కానీ, ఆ ఒక్క మాట రాయనందుకు నాకు ఈ జన్మకు బాధ తీరదు. అలాగే రొమ్ము ఎముకను డయాటమ్ పరీక్షకు పంపారు. డయాటమ్‌లంటే నీళ్లలో ఉండే, సిలికా పెంకు గల సూక్ష్మజీవులు. బతికి ఉండగా నీళ్లు ఊపిరితో పాటు ఊపిరితిత్తుల్లోకి పోతే అవి రక్తంలో కలిసి ఎముక మూలుగ దాకా పోతాయి. ఎముకలో కనిపించాయి సరే, పోల్చడానికి పడిన చోటి కాలువ నీళ్లు సీసాలో పట్టి పంపాలి కదా, పంపలేదు. కాలువల మధ్య బతికేవాళ్లం మనం. ఇలాంటి కష్టం ఎవరికైనా వస్తే మొదటి రోజే నీటి నమూనా తీయమని, చేతుల్లో ఏముందో భద్రపరచమని, చిన్న మచ్చలను కూడా కోసి చూడమని రాతపూర్వకంగా అడగండి. అడిగినట్టు రసీదు తీసుకోండి.

అమ్మ అంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు. లేచే ముందు, "బాబూ, వాడు కావాలని పోలేదు కదా" అని అడిగింది. ఆయన బల్ల వెనక నుంచి లేచి వచ్చి ఆమె పక్క కుర్చీలో కూర్చున్నారు. "అది నేను చెప్పలేనమ్మా. గట్టు పట్టుకున్నాడని మాత్రం కోర్టులో ప్రమాణం చేసి చెబుతాను" అన్నారు. అమ్మ ఆ ఫొటో అడిగి తీసుకుని కొంగులో పెట్టుకుంది.

రాతపూర్వక అభిప్రాయం వారంలో ఇచ్చారు. నాలుగు పేజీలు, ఏ మాట ఏ కాగితంలోంచి వచ్చిందో పేజీ నంబరుతో సహా. మొత్తం ఐదు వేలు తీసుకున్నారు. సాక్షిగా రావలసి వస్తే వస్తానన్నారు, దానికి ఖర్చులు వేరు. మా వకీలు గారు దీన్ని జతచేసి, వంతెనకూ గట్టుకూ మధ్య దూరం కొలవాలని, ఆ రాత్రి కాలువలోకి ఎంత నీరు వదిలారో ఇరిగేషన్ వారి రికార్డు తెప్పించాలని, కౌలు గొడవ మనిషి ఫోను వివరాలు చూడాలని అర్జీ వేశారు. హత్య అన్న మాట ఈసారి అర్జీలో మేమే రాయించలేదు. అనుమానాస్పద మరణం అని రాశాం.

ఇబ్బందులూ చెప్పాలి. మెట్లు నిటారుగా ఉన్నాయి, అమ్మను ఇద్దరం పట్టుకుని ఎక్కించాం. ఫోను సాయంత్రం ఐదు నుంచి ఆరు లోపే ఎత్తుతారు. అభిప్రాయం ఇంగ్లీషులో రాస్తారు, తెలుగులో ఒక పేజీ జతచేస్తే మాలాంటివారికి ఎంతో మేలు. అడిగితే మాత్రం ప్రతి వాక్యం తెలుగులో చదివి వినిపించారు. ఫొటోలు ఫోనులో చూపిస్తే ఒప్పుకోరు, పెద్దవిగా అచ్చు వేయించుకుని వెళ్లండి, ముఖ్యంగా చేతులవి.