వేలిముద్రలు చూసి తెలివి చెప్తామంటే 5,000 కట్టాను

మా బాబు మూడో తరగతి. స్కూల్లో పేరెంట్స్ మీటింగ్ రోజు వరండాలో టేబుల్ వేసుకుని కూర్చున్నారు వీళ్లు. డీఎంఐటీ అంటారు. వేలిముద్రలు స్కాన్ చేసి పిల్లల తెలివి దేంట్లో ఎంతుందో, పెద్దయ్యాక ఏం చదివించాలో చెప్తారట. గుంటూరులో మా చుట్టుపక్కల చాలామంది చేయించారని నేనూ 5,000 కట్టేశాను.

పది వేళ్లూ, ఒక్కోటి మూడేసి సార్లు గాజు మీద పెట్టించారు. వాడిని ఒక్క ప్రశ్న అడగలేదు. ఒక లెక్క చేయించలేదు, ఒక పేరా చదివించలేదు. పది రోజులకి రంగురంగుల బొమ్మలతో 40 పేజీల రిపోర్టు వచ్చింది. లెక్కల తెలివి 7.4 శాతం అని ఉంది. కౌన్సెలింగ్‌కి వచ్చినావిడ "ఎంపీసీ వైపు మాత్రం పంపకండమ్మా" అంది, వాడు నా పక్కనే ఉండగా.

ఆ వారం ఎక్కాలు అప్పజెప్పమంటే రెండు అరచేతులూ నా ముందు చాపి, "నా వేళ్లలో లెక్కలు లేవంట కదమ్మా" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. పుట్టకముందే ఏర్పడి ఇక మారని గీతలవి. రోజూ కొత్తది నేర్చుకునే పిల్లాడి గురించి అవేం చెప్తాయి?

తర్వాత ఒక క్లినికల్ సైకాలజిస్టు గారికి చూపించాం. ఆయన మాలిన్ స్కేల్ అనే తెలివితేటల పరీక్ష చేశారు. అమెరికాలో వెక్స్‌లర్ తయారుచేసిన పరీక్షనే మన పిల్లల కోసం మార్చారట. నమూనా చూసి రంగు దిమ్మలు పేర్చడం, విన్న అంకెలు వెనకనుంచి చెప్పడం, అలాంటివి. మొదటి రోజు జలుబుతో నీరసంగా ఉన్నాడని సగంలో ఆపి మళ్లీ రమ్మన్నారు. చివరికి నంబరు చెప్తూ, "అటూ ఇటూ తేడా ఉంటుందమ్మా. ఇది ఇప్పటి సంగతే, వాడు రేపేమవుతాడో ఇందులో ఉండదు" అన్నారు. దిమ్మలు చకచకా పేర్చాడట. వాక్యాల్లో ఇచ్చిన లెక్క చదవడం దగ్గరే ఆగిపోతున్నాడు, పైకి చదివి వినిపిస్తే చేసేస్తున్నాడు. 1905లో పారిస్‌లో బినే మొదటి పరీక్ష తయారుచేసింది కూడా బళ్లో ఎవరికి సాయం కావాలో తెలుసుకోవడానికేనట.

ఇంకోటి కూడా ఆయనే చెప్పారు. 1921లో కాలిఫోర్నియాలో టెర్మన్ అనే ప్రొఫెసర్ ఐక్యూ చూసి వెయ్యికి పైగా పిల్లల్ని మేధావులని ఎంచుకున్నాడు. మార్కు చాలక అందులో చేరలేకపోయిన షాక్లీకి 1956లో, అల్వారెజ్‌కి 1968లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. నిజమైన పరీక్షకే ఇంత హద్దుంటే, వేలిముద్ర చూసి ఎనిమిదేళ్ల పిల్లాడికి ఎంపీసీ వద్దని ఎలా అంటారు?

ఇప్పుడు రోజూ అరగంట వాడితో పైకి చదివిస్తున్నాను. డీఎంఐటీ వాళ్లని డబ్బు అడగలేదు. బాబు వేలిముద్రలు మీ కంప్యూటర్లోంచి తీసేయండి, తీసేశామని రాసివ్వండి అని రెండుసార్లు మెయిల్ పెట్టాను. ఇంతవరకు జవాబు లేదు.