గుచ్చింది కాలికి, పలికింది కడుపు

మోకాటి చిప్పకు నాలుగు వేళ్ల కింద, కాలి ఎముకకు వెలుపలి పక్కన ఒక చోటు ఉంది. అక్యుపంక్చర్ చేసేవాళ్లు దాన్ని జూసాన్లీ అంటారు. అక్కడ సూది దిగితే నొప్పి ఉండదు, ఏదో బరువు లాంటి లాగుడు పాదం దాకా పాకుతుంది. మొదటి రోజు అయిదు నిమిషాలు గడిచాయో లేదో, రెండు రోజులుగా రాయిలా బిగుసుకున్న నా పొట్ట గుడగుడమంది. ఆ చప్పుడుకు నాకే నవ్వొచ్చింది.

ఐబీఎస్‌తో, అంటే ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అనే పేగుల ఇబ్బందితో, ఆరేళ్లు వేగాను. పరీక్షల్లో ఏమీ తేలేది కాదు. వారానికొకసారి చొప్పున పద్నాలుగు నెలలు సూదులు గుచ్చించుకున్నాక ఇది రాస్తున్నాను. మూడో నెలలో రాసి ఉంటే కళ్లు మూసుకుని అందరినీ వెళ్లమనేవాణ్ణి. ఉబ్బరం తగ్గింది. ఎక్కడికెళ్లినా ముందు మరుగుదొడ్డి వెతుక్కునే అలవాటూ పోయింది.

ఒక వారం నాకు ఎప్పుడూ చేసే ఆవిడ సెలవు పెట్టారు. ఆమె బదులు వచ్చినాయన పాత కాగితం చూసి, అవే పది చోట్ల గబగబా గుచ్చి వెళ్లిపోయారు. అరగంటకు వచ్చి తీసేశారు. ఇంటికొచ్చి ప్యాంటు మార్చుకుంటుంటే పిక్క దగ్గర చురుక్కుమంది. చూస్తే సూది! పావు మిల్లీమీటరు మందం, బట్టకు తగులుకుని పక్కకు వంగిపోయి ఉంది. దానితోనే బండి నడిపాను, మెట్లెక్కాను. ఫోను చేస్తే "తీసి పారేయండి, ఏమీ కాదు" అన్నారు, అంతే. వాడిన సూదిని ఎక్కడ పారేస్తాం? మూత ఉన్న డబ్బాలో పెట్టి, మరుసటి వారం వాళ్ల చేతికే ఇచ్చి వచ్చాను. అప్పటినుంచి గుచ్చేటప్పుడు, తీసేటప్పుడు పైకే లెక్కపెడతాను.

సూది సంగతి మరిచిపోవచ్చు. అవే చోట్లు, అన్నే సూదులు, కానీ ఆ వారమంతా పొట్ట పలకలేదు! మరి అన్నాళ్లూ పనిచేసింది సూదేనా, లేక గుచ్చే ముందు పావుగంట ఆవిడ అడిగే ప్రశ్నలా? వెతికితే 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన పరిశోధన దొరికింది. ఐబీఎస్ ఉన్న 262 మందిలో కొందరికి చర్మంలోకి దిగని ఉత్తుత్తి సూదులు పెట్టారు. ముక్తసరిగా మాట్లాడి పెట్టినప్పుడు 44 శాతం మందికి ఊరట కలిగింది, ఆప్యాయంగా మాట్లాడి పెట్టినప్పుడు 62 శాతం మందికి. ఏమీ చేయనివాళ్లలో అది 28 శాతమే. జరిగిన పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2012 నాటి సమీక్ష కూడా ఐబీఎస్‌లో అసలు సూదికీ ఉత్తుత్తి సూదికీ తేడా కనిపించలేదనే అంది.

నేనైతే మానలేదు, నెలకొకసారికి తగ్గించాను. అదే ఏడాది రాత్రి పని కూడా వదిలేశాను కాబట్టి ఈ ఉపశమనంలో సూదుల వాటా ఎంతో చెప్పలేను. మలంలో రక్తం పడుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా ముందు డాక్టరు దగ్గరికే వెళ్లండి. నేనూ అన్ని పరీక్షలూ అయ్యాకే సూదులకు వెళ్లాను.

మొన్న ఆవిడకు ఈ పరిశోధన సంగతి చెప్పాను. నవ్వి, "ఈ వారం నిద్ర ఎలా పడుతోంది?" అని అడిగారు.